బీరువాలోని కవరు ఒకసారి తీయండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, ఇంజనీరును. ఆసుపత్రుల్లో ఎక్స్‌రే, సీటీ యంత్రాలు బిగించి, వాటి బాగోగులు చూడటం నా వృత్తి. ఆ యంత్రాలు చూపించేదాన్ని మనం సగమే చదువుకుంటున్నాం. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

సైన్సు క్లాసులో నీడల పాఠం గుర్తుందా? చెయ్యి గోడకు దగ్గరగా ఉంటే నీడ ఇంచుమించు చెయ్యంతే ఉంటుంది. దీపం వైపు జరిపితే పెద్దదవుతుంది. ఛాతీ ఎక్స్‌రే కూడా నీడే. అందుకే మనిషిని నిలబెట్టి, ఛాతీని ప్లేటుకు ఆనించి, వీపు వైపు నుంచి తీస్తారు. అలా తీసిన ఫిల్ములో గుండె అడ్డుకొలత ఛాతీ లోపలి వెడల్పులో సగం దాటితే గుండె పెరిగిందేమోనని అనుమానిస్తారు. మంచం మీద పడుకోబెట్టి ముందు వైపు నుంచి తీస్తే మామూలు గుండె కూడా పెద్దగానే కనిపిస్తుంది. కాబట్టి ఆ మాట వినగానే బెంబేలు పడకండి. ఎకో అవసరమా అని డాక్టరుగారిని అడగండి.

సీటీ ఇంకో మెట్టు పైన ఉంటుంది. దాన్ని రూపొందించిన హౌన్స్‌ఫీల్డ్ కూడా ఇంజనీరే. 1979లో వైద్యశాస్త్ర నోబెల్ పంచుకున్నారు. ఆయన పేరిటి కొలతలో నీరు 0, గాలి మైనస్ 1000. గుండె రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకున్నచోట చేరే కాల్షియం 130 దాటి తెల్లగా మెరుస్తుంది. ఊపిరితిత్తుల కోసం తీసిన సీటీలోనూ ఇది చాలాసార్లు కనబడుతుంది.

కరోనా రోజుల్లో మనలో ఎందరో ఛాతీ సీటీ తీయించుకున్నాం. ఊపిరితిత్తుల స్కోరు చూసుకుని కవరు బీరువాలో పడేశాం. మన బ్యాచ్ మిత్రుడొకడు ఈమధ్య ఆ పాత కవరు తెచ్చి చూపించాడు. రిపోర్టు చివరి వరుసలో ‘కరోనరీ కాల్సిఫికేషన్’ అని ఉంది. వాడికి నొప్పి లేదు, ఆయాసం లేదు. అయినా డాక్టరును కలిశాడు. ఇప్పుడు కొలెస్ట్రాల్ మందు వేసుకుంటున్నాడు, సిగరెట్టు మానేశాడు.

ఒక హెచ్చరిక. తెల్లచుక్క లేనంత మాత్రాన గుండెకు ఢోకా లేదనుకోవద్దు. గట్టిపడని కొవ్వు ఈ సీటీలో తేలిగ్గా పట్టుబడదు. ఛాతీ బరువెక్కి చెమటలు పోస్తుంటే పాత రిపోర్టులు వెతుకుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి ఈసీజీ తీయించుకోండి.

మిగతా రోజుల్లో మాత్రం రిపోర్టును చివరి వరుస దాకా చదవండి. మన గురువుల్లో చాలామంది డెబ్బై దాటినవారు. వారి కవర్లు చదివిపెట్టే పని శిష్యులం మనమే తీసుకుందాం.