ఉపగ్రహ ప్రసారశక్తి - పల్లె ముంగిలి
(గ్రంథాలయ రజతోత్సవ ప్రసంగ పాఠము)



మామిడితోటల సీమయైన బాపులపాడు ప్రాంతమున చెట్టుకు నీరుపోయు విధము ఎల్లరకును తెలిసినదే. బిందెడు నీటిని తోటయంతటను చల్లినచో ఏ వేరును తడియదు. పాదుచేసి పోసినచో ఆ నీరే మొక్కను బ్రతికించును. దూరదర్శన ఉపగ్రహముల రహస్యమును ఇట్టిదే.

ఈ ఉపగ్రహము భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూభ్రమణముతో సమానముగా తిరుగుచుండును. కావున క్రిందివారికి నిశ్చలముగా నున్నట్లు తోచును. అందలి ట్రాన్స్‌పాండరు అను సాధనము నేలనుండి వచ్చిన బలహీన తరంగమును గ్రహించి, దాని పౌనఃపున్యమును మార్చి, బలమును పెంచి, మరల నేలకు పంపును. పౌనఃపున్యమును మార్చనిచో, పంపు తరంగము వచ్చు తరంగమును ముంచివేయును. ఈ పనికంతకును ముఖ్యాధారము సూర్యరశ్మి. వాట్లు పెరిగినకొలది సౌరఫలకములును, బరువును, వ్యయమును పెరుగును. కావున ఉన్న శక్తిని చెదరనీయక, వలసిన దేశముమీదికే మరల్చుట ప్రధానము.

ఈ సూత్రము తెలుగు పల్లెలలో పరీక్షింపబడినది. 1975 ఆగస్టు 1న మొదలైన ‘సైట్’ ప్రయోగమున అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు అందించెను. ఆంధ్రప్రదేశమున కర్నూలు, మహబూబ్‌నగరు, మెదకు, హైదరాబాదు జిల్లాల పల్లెలు అందు చేరెను. ఆ ప్రసారిణి శక్తి 80 వాట్లు మాత్రమే. పాతరకపు సీలింగు ఫ్యాను వాడుకొను విద్యుత్తుకు ఇంచుమించు సమానము! ఐనను, గొడుగువలె విచ్చుకొను 9 మీటర్ల ఆంటెన్నా దానికి పాదుచేసినది. అందుచే పల్లెలో కోళ్లగూటి తీగవలతో చేసిన 3 మీటర్ల ఆంటెన్నాయే చాలెను. పైన ఆ బలము లేనిచో ప్రతి పల్లెయు ఖరీదైన పెద్ద ఆంటెన్నాను నిలుపుకొనవలసి వచ్చెడిది. అది పేదపల్లెకు తరమా?

కాని 1976 జూలై 31న ఆ ప్రసారము ముగిసెను. ఎరువు తెచ్చిన దీపము ఇచ్చినవారి వెంటనే పోయెను. స్వంత ఉపగ్రహముల ఆవశ్యకత అప్పుడు మరింత స్పష్టమైనది. 1983లో ఇన్సాట్-1బి ఆ కొరతను తీర్చెను. 2005 డిసెంబరులో ఎగసిన ఇన్సాట్-4ఎ ఉపగ్రహమున 12 కేయూ-బ్యాండు ట్రాన్స్‌పాండర్లు ఉండెను. ఒక్కొక్కదాని శక్తి 140 వాట్లు. ఇట్టి వానికి డాబామీద 60 సెంటీమీటర్ల పళ్లెమే చాలును. అయితే ఆ తరంగము పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లే యగుటచే వానచినుకులు దానిని మ్రింగును. జడివానలో బొమ్మ చెదరుటకు కారణమిదియే.

పైనున్నది ఎంత బరువు మోయునో, క్రిందివానికి అంత తేలిక. గ్రంథాలయధర్మమును ఇదియే. పట్నము పోలేని బాలునికై అది పుస్తకముల భారమును తాను మోయును. నాడు సైట్ పల్లెలలో ఊరంతయు ఒక్క పెట్టె ముందు కూర్చుండెను; నేడు ఎవరి ఇంట వారు చూచుచున్నారు. ఆకాశమునుండి దిగివచ్చు మాటను పదుగురు కూడి విచారించుటకు గ్రంథాలయము వంటి తావు పల్లెకు నేడును అవసరము. ఎరువు దీపము కాక, ఊరు తాను నిలుపుకొన్న దీపమిది. చమురుపోయు భారమును ఊరిదే.