సోదెమ్మ మాట, సాక్ష్యం బలం
(గోరా స్మారకోపన్యాసం)



కోతలయ్యాక మన డెల్టా ఊళ్లలో "సోదో, సోది" అని వినిపించే గొంతు ఇక్కడి తలనెరిసినవారికి గుర్తుండే ఉంటుంది. చేటలో బియ్యం పోయించుకుని సోదెమ్మ చనిపోయినవాళ్లను పలికించేది. "ఈ ఇంట్లో ఓ పెద్దప్రాణం మనసులో మాట చెప్పకుండానే పోయింది" అనేది. ఏ ఇంట్లో పోలేదు గనక? ఇల్లాలు కళ్లొత్తుకుని "మా మామగారే" అనేది. సాయంత్రానికి "వరసతో సహా చెప్పిందమ్మా" అని వీధంతా పాకేది. సోదికి వెళితే పాత రంకు బయటపడిందన్నారు. బయటపెట్టిందెవరో మాత్రం సామెత చెప్పదు.

ఇది మన పల్లెల అమాయకత్వమేం కాదు. 1848లో అమెరికాలో ఫాక్స్ అక్కచెల్లెళ్ల ఇంట్లో వినిపించిన టకటక చప్పుళ్లను ఆత్మల పలుకులన్నారు. నలభై ఏళ్లకు వారిలో ఒకామె, అది తన కాలివేళ్ల కీళ్ల చప్పుడేనని నిండు సభలో చేసి చూపించింది. 1948లో ఫోరర్ అనే అధ్యాపకుడు 39 మంది విద్యార్థులకు ఒకే జాతకం లాంటి కాగితం పంచి, ఇది నీ గురించేనన్నాడు. అది తమకెంత సరిపోయిందో చెప్పమంటే, అయిదుకు సగటున నాలుగు పైచిలుకు మార్కులు వేశారు వాళ్లు!

ఇలాంటి నమ్మకాలను పరీక్షకు పెట్టిన నాస్తికోద్యమ నాయకుడు గోరా గారు మదురైలో దయ్యాల కొంపగా పేరుపడ్డ ఇంట్లో కాపురమున్నారు. ఆయన భార్య సరస్వతి గారు కడుపుతో ఉండి గ్రహణంవేళ బయటికొచ్చారు. 1940లో ముదునూరులో పుట్టి, 1947లో బెజవాడ చేరిన వారి నాస్తిక కేంద్రం నిప్పుల మీద నడిచి చూపించింది. వీటిని ధైర్యమంటాం. నాకు మాత్రం అందులో న్యాయం కనిపిస్తుంది. 'ఆ ఇంట్లో ఉంటే చెడిపోతారు' అన్న మాట ఓడిపోగలదు, అందుకే పరీక్షకు నిలిచింది. సోది మాటకు ఓటమి లేదు. తప్పితే పక్కింటి ప్రాణమంటుంది.

సోది మాటను ఓడిపోగల మాటగా మార్చడమెలా? అందుకు దారి, ఇలాంటి శక్తులు ఉండొచ్చనే అవతలి పక్షం నుంచీ వచ్చింది. అమెరికాలో పరామనోవిజ్ఞాని రైన్ దగ్గర పనిచేసిన కోనేరు రామకృష్ణారావు గారు 1967లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పరామనోవిజ్ఞాన శాఖ నెలకొల్పారు. రైన్ వాడిన చీట్లు ఇరవై అయిదు, గుర్తులు అయిదు. ఏ చీటీ మీద ఏ గుర్తుందో చూడకుండా చెప్పాలి; గుడ్డిగా చెప్పినా సగటున అయిదు కలుస్తాయి. లెక్క అక్కణ్ణుంచే మొదలవ్వాలి.

సోదికీ అలాంటి పరీక్షే పెట్టండి: పటమట, ఉయ్యూరు, గుడివాడ, కంకిపాడు, పెనమలూరు నుంచి ఒక్కొక్కరికి సోది చెప్పించండి. అడిగేవాళ్లు నోరు మెదపకూడదు. సోదెమ్మ చెప్పింది రాసి, పేర్లు కొట్టేసి, అయిదు కాగితాలూ కలిపేసి, ఎవరిది వారిని విడివిడిగా ఏరుకోమనండి. ఒకటి కలిస్తే అది అదృష్టం. పదిసార్లు చేసినా అయిదుకు నాలుగు కలుస్తుంటే, గోరా గారే కుర్చీ ముందుకు జరుపుకునేవారు.

కన్నవాళ్లను పోగొట్టుకుని సోదికి వెళ్లినవాళ్లను వెక్కిరించకండి. సోదెమ్మ ఇప్పుడు వీధికి బదులు ఫోన్‌లోకి వస్తోంది. మాట రికార్డు చేసుకోండి. దుఃఖం కాస్త చల్లారాక మళ్లీ వినండి. మామగారి మాట ముందు ఎవరి నోట వచ్చిందో వింటే చాలు.