అందరి బిడ్డలకూ కంప్యూటర్ విద్య

(ఉపన్యాస పాఠం)



సంస్కృత పాఠశాలలో వ్యాకరణం చదువుకున్న ఈ వృద్ధుడు కంప్యూటర్ విద్యను గూర్చి ప్రసంగించడమేమిటని మీలో కొందరికి తోచవచ్చు. ఆ విద్య నాకు రాదు. అయినా అది మన శాస్త్రాలకు మరీ పరాయిది కాదని ఎరుగుదును.

ఛందస్సు చదివినవారికి ప్రస్తారం తెలుసు. లఘువు, గురువు అనే రెండింటితోనే మూడక్షరాలకు 8 గణాలు, నాలుగక్షరాలకు 16 భేదాలు ఏర్పడతాయి. వీటిని ఒక్కటీ తప్పిపోకుండా వరుసగా వ్రాసే విధానాన్ని పింగళాచార్యులు సూత్రాలలో నిబంధించారు. కంప్యూటర్ సైతం సున్న, ఒకటి అనే రెండు గుర్తులతోనే సమస్తమూ నిర్వహిస్తుంది. పింగళుడు కంప్యూటర్‌ను కనిపెట్టాడని నేననను. ఆ ఆలోచన మన బిడ్డల బుద్ధికి అందనిది కాదని మాత్రమే నా మనవి.

సిరిసిల్ల నేతన్నలకు మరొక దృష్టాంతం చెబుతాను. 1804లో ఫ్రాన్సు దేశస్థుడైన జకార్డ్, అట్టలకు రంధ్రాలు చేసి, రంధ్రం ఉన్నచోట ఒక విధంగా, లేనిచోట మరొక విధంగా పడుగుపోగులు కదిలేట్లు మగ్గాన్ని అమర్చాడు. అటుపిమ్మట ఇంగ్లండులో బాబేజ్ తన గణనయంత్రానికి ఆ అట్టల పద్ధతినే ఎంచుకున్నాడు. మగ్గం మీద నిలిచిన ఆలోచన మగ్గం నడిపేవాని బిడ్డకు అందకపోవడం న్యాయమా?

కొండగట్టు చెంత నాచుపల్లిలో 2007 నుండి జేఎన్టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. 2021లో సిరిసిల్లకూ అటువంటిది వచ్చింది. సంతోషమే. కాని శిఖరం కనబడినంత మాత్రాన మెట్లు ఏర్పడవు. కోడింగ్‌ను ఆరవ తరగతి దశ నుండే నేర్పాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం చెప్పింది. కోరుట్లలో బీడీలు చుట్టే తల్లి బిడ్డకు, జగిత్యాల పల్లెల్లో తండ్రి గల్ఫుకు వెళ్లిన బిడ్డకు ఆ తొలిమెట్టు సర్కారు బడిలోనే దొరకాలి.

యంత్రాలు ఇస్తే చాలునా? 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 ఉన్నత పాఠశాలలకు ఐదేళ్ల ఒప్పందం మీద కంప్యూటర్లూ వచ్చాయి, బోధకులూ వచ్చారు. 2013లో గడువు తీరింది, బోధకులు వెళ్లిపోయారు. గురువు లేని గ్రంథం ఎటువంటిదో, బోధకుడు లేని యంత్రం అటువంటిది.

కనుక దాతలకు నా విన్నపం. యంత్రం మీద పేరు వ్రాయించుకోవడం కన్నా బోధకుని వేతనానికి, మరమ్మతులకు ఏటేటా కొంత కేటాయించడం మిన్న. ఇచ్చేముందు ప్రధానోపాధ్యాయుని అడగండి: ప్రతి బిడ్డ చేయీ మీటల మీద పడుతున్నదా? ఆడపిల్లలు వెనుక నిలబడి చూసేవారుగా మిగిలిపోతున్నారా?

చివరగా ఒక మాట ఒప్పుకోవాలి. నేను చదివిన శాస్త్రాలు తరతరాలుగా ఎందరికో నిరాకరింపబడ్డాయి. వాకిలి వెలుపల నిలిచిపోయినవారిలో ఎందరు పండితులు కాదగినవారు ఉన్నారో ఎవరు లెక్కించగలరు? వారూ నష్టపోయారు, శాస్త్రమూ నష్టపోయింది. ఆ దోషం ఈ కొత్త విద్యలో మళ్లీ జరగరాదు. ఈసారి వాకిలి తెరిచి ఉంచే బాధ్యత మనది.

స్వస్తి.