ముందు వచ్చినవారిదే మడుగు

సెలవు రోజున బెంగళూరు నుంచి గాలం పట్టుకుని కావేరికి వెళ్లేవారితో రెండు మాటలు.

మూపురం మహసీర్ కావేరిలోనూ దాని ఉపనదుల్లోనూ తప్ప మరెక్కడా సహజంగా పుట్టని చేప. 2018లో అది తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది. 1972లో బెంగళూరులో ఏర్పడిన వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా, పట్టిన చేపను వదిలేసే పద్ధతిని ఇక్కడ అలవాటు చేసింది. మంచి అలవాటు.

కానీ ఒక్క మడుగు చుట్టూ పదిమంది చేరితే? ముందు వచ్చినవారిదే మడుగు. అడిగి, దూరంగా నిలబడండి. పక్కవారి దారం మీదుగా గాలం విసరకండి. వారికి చేప తగిలితే మీ దారం వెంటనే చుట్టేయండి. గుంజులాట ఎంత పెరిగితే చేప అంత సొమ్మసిల్లుతుంది.

తడి చేతులతోనే పట్టుకోండి. పొడి చేయి తగిలితే ఒంటిమీది జిగురు పోతుంది, రోగాలు సోకుతాయి. నీళ్లలోనే ఉంచి గాలపు ముల్లు తీయండి. తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి, తనంతట తాను ఈదేదాకా ఆగండి.

తెగిన నైలాన్ దారం ఇంటికి తెచ్చేయండి. అభయారణ్యంలో గాలం వేయకండి. మిగతా చోట్ల ముందు అనుమతి తీసుకోండి.