బ్రతికించిన దేవునికి కృతజ్ఞత ఎలా చెల్లిద్దాం?



మీ ఇంటి మనిషి గుండెపోటు నుండి బయటపడ్డారు. వార్డులో మీరు కన్నీళ్లతో చేసే స్తుతి ప్రార్థన మేమూ వింటూ ఉంటాము. అయితే నర్సుగా ఒక మాట చెప్పాలి. కొందరు ఇంటికి వెళ్లి కృతజ్ఞత కూడిక పెట్టుకుంటారు. మూడు నెలలకు "ఇప్పుడు బాగానే ఉందిగా" అని మాత్రలు మానేస్తారు. స్టెంటు వేసినవారు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలను డాక్టరును అడగకుండా మానితే, స్టెంటులోనే రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు.

ఒక తల్లి తన భర్త మాత్రల డబ్బాను బైబిలు ప్రక్కనే పెట్టుకున్నది. ఉదయ ప్రార్థన కాగానే మాత్ర ఇస్తుంది. ఇంట్లో ఎవరూ బీడీ, సిగరెట్టు ముట్టించరు. అదీ కృతజ్ఞతే.

మళ్లీ ఎప్పుడైనా ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమటలు కనిపిస్తే గ్యాస్ అనుకొని సోడా త్రాగిస్తూ కూర్చోవద్దు. స్త్రీలకు, షుగరు ఉన్నవారికి నొప్పి లేకుండా ఆయాసం మాత్రమే రావచ్చు. నడిపించవద్దు, కూర్చోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. ప్రార్థన అంబులెన్సులో కూడా చేయవచ్చు.

దేవుడు మీ ఇంటిని దీవించును గాక.