కాలి సిరలు ఉబ్బుటకు మూలకారణములు
(స్త్రీల సమాజములో చేసిన ప్రసంగము)



వెరికోస్ వెయిన్స్‌ను గూర్చి ఒక సంఘకాపరి మాటలాడుట వింతగా తోచవచ్చును. ఇండ్లు దర్శించునప్పుడు ఈ వ్యాధిని తరచుగా చూచుచున్నాము గనుక ఒప్పుకొంటిమి. మా సంఘములో రిటైరైన ఒక టీచరమ్మగారు చీలమండ పైని పుండును ఆరు మాసములు చీర కుచ్చెళ్ల క్రింద దాచుకొనిరి. "34 ఏండ్లు నిలువబడి పాఠాలు చెప్పాను గదా అయ్యగారూ, నరాలు అరిగిపోయాయి" అనిరి. మేమును తల యూపితిమి. అది మా పొరపాటు.

మొదటి మాట, ఇవి నరములు కావు. స్పర్శను తెలుపుదానిని, రక్తమును మోయుదానిని మనము నరమనియే పిలుతుము. అందుచేతనే నరాల బలహీనతకని మాత్రలు మ్రింగువారున్నారు. సిరకు వాటితో పని లేదు.

పాదమునకు దిగిన రక్తము తిరిగి గుండెకు ఎక్కవలెను. పిక్క కండరము దానిని పిండి పైకి నెట్టును. మరల జారకుండ సిరలలో ఒకవైపే తెరచుకొను కవాటములు గలవు. ఇటలీలోని పాదువాలో ఫాబ్రీషియస్ అను ఆచార్యుడు 1603లో వీటిని వర్ణించి ప్రచురించెను గాని, వాటి పని సరిగా గ్రహించినది ఆయన శిష్యుడు విలియం హార్వే. 1628లో రక్తప్రసరణమును వివరించినప్పుడు ఈ కవాటములను సాక్ష్యముగా చూపెను.

సిర గోడ సడలినచో కవాటపు రెక్కలు కలియవు, రక్తము క్రిందికి జారును. ఆ బరువుకు క్రింది భాగము వెడల్పై అచ్చటి కవాటమును చెడును. కదలక నిలిచినప్పుడు చీలమండ యొద్ద సిరలోని ఒత్తిడి 80, 90 మిల్లీమీటర్ల పాదరసము వరకుండును. ఆరోగ్యవంతులు నడచినచో 30కి లోపు పడిపోవును. కనుక నిలువబడుట వ్యాధిని పెంచును, నడక మేలు చేయును.

గోడ ఏల సడలును? వంశము ముఖ్యమైన కారణము. టీచరమ్మగారి తల్లికిని ఉండెనట, ఇంట కూర్చుండి కుట్టుపని చేయు చెల్లెలికిని కలదు. గర్భము రెండవది. అప్పుడు హార్మోనులు సిరలను మెత్తబరచును, రక్తము దాదాపు సగము పెరుగును, గర్భసంచి కటిలోని సిరలను నొక్కును. కాన్పు కాన్పుకు ఇది ముదురును. వయస్సు, స్థూలకాయము సరేసరి. లోపలి పెద్ద సిరలో ఎప్పుడో రక్తము గడ్డకట్టియుండుటయు ఒక కారణము. ఒక కాలు హఠాత్తుగా వాచి నొప్పిపెట్టినచో నూనె రాసి మర్దన చేయింపక ఆ దినమే ఆసుపత్రికి పోవలెను.

టీచరమ్మగారికి డాప్లర్ స్కానింగు చేయగా పుండు చీలమండ యొద్ద నున్నను లోపము గజ్జ యొద్ద కనబడెను. లేజరుతో ఆ సిరను మూసి, కాలికి బిగువుగా కట్టు కట్టిరి. కొన్ని నెలలకు పుండు మానెను.

"అయితే నా బడి చేసినది కాదన్నమాట" అనిరామె. అంతయు బడి చేసినది కాదంటిమి. ఆమె కాసేపు ఊరకుండి, కూతుళ్లిద్దరిని పిలిచి కాళ్లు చూపుమనిరి.