పాత స్టేషను, కొత్త నక్షా



2023లో ప్రారంభమైన అమృత్ భారత్ పథకం క్రింద 1,300కు పైగా స్టేషన్లను ఎంపిక చేసినారు. వీనిలో చరిత్ర గల కట్టడాలు అనేకం.

చెన్నైలోని రాయపురం స్టేషను 1856 నాటిది. దక్షిణ భారతంలో తొలి రైలు బయలుదేరినది అక్కడి నుండియే. చిరకాలం నిరాదరణకు గురియైన ఆ భవనాన్ని 2005లో బాగు చేసినారు, నేటికీ నిలిచియున్నది. సికింద్రాబాదులో జరిగినది వేరు. 1874లో నిజాం రైలుమార్గంతో వెలసిన స్టేషను అది. దాని పాత ముఖభవనాన్ని 2025లో కూల్చివేసినారు. రద్దీ పెరిగినది, చోటు చాలదు, నిజమే. లండనులోని కింగ్స్ క్రాస్‌లో సైతం చాలలేదు. అక్కడ 2012లో కొత్త కప్పును కొత్త స్తంభాలపైననే మోపి, 1852 నాటి గోడపై బరువు పడకుండ కట్టినారు.

పాత గోడలు ఇటుక, సున్నములతో కట్టినవి. వానలకు పీల్చిన చెమ్మను వేసవిలో విడుస్తాయి. పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలనే చిక్కి ఇటుక పొడియై రాలుతుంది. ఇంజనీరింగు శాఖలోని మన మేస్త్రీలకు ఇది బాగుగా తెలుసు. వారిని అడిగేవారే లేరు!

ఇక నక్షాల సంగతి. దుకాణాలకు చోటు ముందుగానే కేటాయింపబడుతుంది. రన్నింగు రూము, ఆర్.ఎం.ఎస్. సార్టింగు హాలు, కూలీల విశ్రాంతి గది ఎక్కడ? తపాలా సంచులు ప్లాట్‌ఫారంపై వానకు తడియవలసినదేనా? నక్షా ఖరారు కాకమునుపే ప్రతి శాఖయు దాని నకలును కోరి తెప్పించుకొని, ఈ మూడు గదులు కొలతలతో సహా ఉన్నవో లేవో పరిశీలించి కేంద్ర కార్యాలయానికి వ్రాయగోరుతున్నాను.